ఇంట్లో గోల్ఫ్ సిమ్యులేటర్: గోడలకూ సీలింగ్‌కూ చిల్లు పడకుండా గదిని సిద్ధం చేసుకునే పద్ధతి

మా ఇల్లు టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో. 2022లో గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా ఫ్లోరిడా నుంచి తన ప్రధాన కార్యాలయాన్ని మా ఊరికి మార్చుకుంది. మరుసటి ఏడాది అక్కడే రెండు పెద్ద గోల్ఫ్ కోర్సులు (ఆట మైదానాలు) కూడా తెరిచారు. ఆ గాలి మా వీధికీ సోకింది. చిన్నప్పుడు టెన్నిస్ బంతితో గల్లీ క్రికెట్ తప్ప ఇంకోటి ఎరగనివాళ్లం గోల్ఫ్ బ్యాగులు కొనుక్కున్నాం. ఇక్కడి జులై ఎండలో మధ్యాహ్నం బయట నిలబడటం కష్టం, ఆఫీసు రోజుల్లో కోర్సుకి వెళ్లే తీరిక ఉండదు. అందుకని మేడ మీద గేమ్ రూమ్‌లో సిమ్యులేటర్ పెట్టాను. అంటే గదిలో వేలాడే గుడ్డ స్క్రీన్ మీదికి నిజం బంతినే కొడతాం, అది ఎంత దూరం పోయేదో యంత్రం లెక్కగట్టి ప్రొజెక్టర్‌తో ఆ స్క్రీన్ మీదే చూపిస్తుంది. గది పొడవు 19 అడుగులు, వెడల్పు 15, సీలింగ్ ఎత్తు 9.

పెట్టిన మూడో వారం మా బావగారు వచ్చారు. "బంతి కదలకుండా కూర్చుని ఉంది కదరా, దీన్ని కొట్టడానికి అంత టెన్షన్ ఎందుకు?" అంటూ డ్రైవర్ అందుకున్నారు. గోల్ఫ్ కర్రల్ని క్లబ్‌లు అంటారు, వాటిలో అన్నిటికన్నా పొడవైనది, దూరం కొట్టేది డ్రైవర్. టీ, అంటే బంతిని నిలబెట్టే చిన్న పుల్ల, బాగా ఎత్తుగా పెట్టి గట్టిగా ఊపారు. స్క్రీన్ దగ్గర రావలసిన చప్పుడు నెత్తిమీద నుంచి వచ్చింది. ముందు తెల్లటి పొడి రాలింది. తర్వాత అటక మీద పరిచిన ఇన్సులేషన్, నలిగిన దూదిలా, ఉండలు ఉండలుగా మ్యాట్ మీద పడింది. టీకి ఐదడుగుల ముందు సీలింగ్‌లో గుండ్రటి చిల్లు. డ్రైవర్ తల పైభాగంలో బంతి తాకినచోట తెల్లటి చార. మా ఎనిమిదేళ్లవాడు వెనక సోఫాలో కూర్చుని చూస్తున్నాడు.

అటక ఎక్కి చూస్తే బంతి ఒక కరెంటు వైరుకి జానెడు దూరంలో ఇన్సులేషన్‌లో కూరుకుపోయి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత నెలల తరబడి, తప్పులు చేసుకుంటూ దిద్దుకుంటూ, ఆ గదిని సిద్ధం చేసుకున్నాను. మీరు మొదలుపెట్టేముందే ఇది చదివితే నేను పడ్డ అవస్థ మీకు ఉండదు.

ముందు బంతి బలం తెలుసుకోండి

గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇవి ఆట నియమాలు. డ్రైవర్‌తో ఓ మాదిరిగా బాగా కొట్టేవాళ్ల బంతి గంటకు 150 మైళ్ల వేగంతో పోతుంది. అప్పుడు దాని శక్తి 100 జౌళ్లకు (జౌల్ అంటే శక్తిని కొలిచే యూనిట్) కాస్త పైన ఉంటుంది. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి శక్తి 120 జౌళ్లు. అంటే ఫాస్ట్ బౌలర్ వేసిన బంతికి దాదాపు సమానమైన దెబ్బ, అంతకంటే చాలా చిన్న చోట పడుతుంది. అమెరికా ఇళ్లలో గోడ అంటే చాలావరకు చెక్క స్టడ్‌లకు, అంటే గోడ లోపల నిలువుగా ఉండే చెక్కలకు, కొట్టిన అర అంగుళం డ్రైవాల్. రెండు కాగితాల మధ్య జిప్సం. స్టడ్ మీద తగిలితే సొట్ట పడుతుంది, రెండు స్టడ్‌ల మధ్య తగిలితే చిల్లే.

వరండాలో తీగ మీద ఆరేసిన దుప్పటిని గుర్తు తెచ్చుకోండి. పిల్లలు బంతి విసిరితే దుప్పటి వెనక్కి ఊగుతుంది, బంతి దాని కిందే పడుతుంది. అదే దుప్పటిని గోడకి అతికించి విసరండి, బంతి తిరిగి మీ మీదికే వస్తుంది. గదిలో ఏది పెట్టినా నేను చూసేది ఒక్కటే: ఇది బంతి వేగాన్ని తాగేస్తుందా, తిప్పికొడుతుందా? వదులుగా వేలాడే వల, వెనక ఖాళీ ఉన్న గుడ్డ, మెత్తటి ఫోమ్ తాగేస్తాయి. బిగించిన ప్లైవుడ్, ఇనుప పైపు, సిమెంటు గోడ తిప్పికొడతాయి. చిల్లు పడకపోవడం ఎంత ముఖ్యమో, బంతి వెనక్కి వచ్చి మనిషికి తగలకపోవడం అంతకన్నా ముఖ్యం.

1. గది కొలత, క్లబ్ కొలత

సామాన్లు కొనకముందే ఇది చేయండి. ఇంట్లో ఆడేవాళ్లలో అందరికన్నా పొడుగైనవాళ్లు మ్యాట్ మీద నిలబడాలి. నేల మీద ఒట్టిగా కాదు, మ్యాట్ మందం ఒకటిన్నర రెండు అంగుళాలు ఉంటుంది. డ్రైవర్ పట్టుకుని, స్వింగ్‌ని నెమ్మదిగా సినిమాలో స్లో మోషన్‌లా తిప్పాలి. పక్కన ఇంకొకరు నిలబడి క్లబ్ తల సీలింగ్‌కి ఎంత దూరంలో వెళ్తోందో చూడాలి. కనీసం అరడుగు ఖాళీ ఉండాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఊపులో కొట్టేటప్పుడు ఒళ్లు కాస్త పైకి లేస్తుంది. 9 అడుగుల సీలింగ్‌లో చాలామందికి సరిపోతుంది. ఆరడుగులు దాటినవాళ్లకి 10 అడుగులుంటేనే మనసు నెమ్మదిస్తుంది. 8 అడుగుల సీలింగ్ ఉన్న గదిలో డ్రైవర్ ఆలోచన మానేయండి.

మా గదిలో స్క్రీన్ వెనక గోడకి అడుగుంపావు ఖాళీ వదిలాను. స్క్రీన్ నుంచి టీకి పదిన్నర అడుగులు, టీ వెనక ఏడడుగులకి పైన. స్క్రీన్‌కీ టీకీ మధ్య 10 నుంచి 12 అడుగుల దూరం బాగుంటుంది. దగ్గరైతే స్క్రీన్ నుంచి వచ్చే బంతికి తప్పుకునే వ్యవధి ఉండదు. దూరమైతే గోడలకీ సీలింగ్‌కీ తగిలే అవకాశం పెరుగుతుంది. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు.

2. దారం పట్టి ప్రమాదపు గీతలు గీయండి

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ఉపాయం ఇదే. టీ పెట్టేచోట చిన్న మేకు లాంటిది ఆనించి, ఒక పొడవాటి దారం కట్టండి. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ ఉంటుంది కదా, దాంతో 45 డిగ్రీలు చూసి దారాన్ని ముందుకీ పైకీ లాగండి. అది సీలింగ్‌ని తాకినచోట నీలం రంగు పెయింటర్స్ టేప్ అంటించండి. తర్వాత 60 డిగ్రీలకి అలాగే చేయండి.

సరిగ్గా తగిలిన బంతి మామూలుగా సీలింగ్‌కి తగలదు. డ్రైవర్‌తో బంతి 10 నుంచి 15 డిగ్రీల కోణంలో లేస్తుంది. వెడ్జ్‌తో, అంటే బంతిని ఎత్తుగా లేపి దగ్గర్లో వేసే క్లబ్‌తో, 30 డిగ్రీలు అనుకుంటే పదిన్నర అడుగుల దూరంలో ఆరడుగుల ఎత్తుకి చేరి స్క్రీన్‌ని తాకుతుంది. కానీ అన్నిటికన్నా ఎత్తుగా లేపే లాబ్ వెడ్జ్ ముఖాన్ని పైకి తిప్పి కొడితే 45 డిగ్రీలకి వస్తుంది, అప్పుడు టీకి 9 అడుగుల ముందు సీలింగ్‌ని తాకుతుంది. మా బావగారు కొట్టినట్టు డ్రైవర్ బంతి కిందికి దూరి పై అంచుకి తగిలితే 60 డిగ్రీలు, అంటే ఐదడుగుల ముందు. కాబట్టి సీలింగ్‌కి కాపు టీకి నాలుగడుగుల ముందు మొదలై స్క్రీన్ దాకా ఉండాలి.

ఇప్పుడు అదే దారాన్ని పక్క గోడ వైపు లాగండి. కుడిచేతి ఆటగాడికి షాంక్ తగిలితే, అంటే క్లబ్ ముఖానికి బదులు షాఫ్ట్ (క్లబ్ కాడ) కలిసే మెడ దగ్గర తగిలితే, బంతి కుడివైపుకి దూసుకుపోతుంది. అంటే ఆటగాడు ఎదురుగా చూస్తున్న గోడకి. మా గదిలో టీ నుంచి ఆ గోడకి ఏడున్నర అడుగులు. 45 డిగ్రీల షాంక్ ఏడున్నర అడుగుల ముందు తగులుతుంది, 60 డిగ్రీలది నాలుగడుగుల ముందే తగులుతుంది. ఇంకా అడ్డంగా పోయేవీ ఉంటాయి. అందుకే గోడ మీద కాపు టీకి ఎదురుగానే, వీలైతే రెండడుగులు వెనక నుంచే మొదలవ్వాలి. షాంక్‌లు ఎక్కువగా మోకాలు, నడుము ఎత్తున పోతాయి గానీ ఎనిమిదడుగుల ఎత్తు దాకా కప్పితే నిశ్చింత.

ఆటగాడి వీపు వెనక గోడకి దెబ్బలు తక్కువే. ఎడమచేతివాళ్లు ఆడే ఇంట్లో మాత్రం లెక్క తారుమారవుతుంది, రెండు గోడలకీ ఒకే రకం కాపు కావాలి. మా అమ్మాయి ఎడమచేతిది. నేను ఆ మాట మరిచి ఒక్క గోడకే పని చేయించి, నెల తర్వాత రెండో గోడకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

3. పైన ఉన్నవాటి లెక్క చూడండి

టేప్ అంటించిన ప్రాంతంలో ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తీయించేయండి. లైట్లుంటే వాటిని టీ వెనక్కో పక్కలకో జరిపించండి. ఏసీ గాలి వచ్చే జాలీని మూసేయకూడదు, దాని ముందు గట్టి తీగ జాలీ బిగించవచ్చు. పొగ పసిగట్టే డిటెక్టర్‌ని ఫోమ్‌తో కప్పడం, తీసి పక్కన పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. అవసరమైతే దాన్ని బంతి రాని చోటికి మార్పించండి.

కాలిఫోర్నియాలో 2011 నుంచి కట్టే కొత్త ఇళ్లలో ఫైర్ స్ప్రింక్లర్లు (మంట వేడికి సీలింగ్ నుంచి నీళ్లు చిమ్మేవి) తప్పనిసరి. అక్కడి శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. స్ప్రింక్లర్ తలకి బంతి తగిలి దానిలోని గాజు బుడ్డి పగిలిందంటే నీళ్లు ఆగవు, గదితోపాటు కింద వంటిల్లూ తడుస్తుంది. స్ప్రింక్లర్ తలకి సరిపోయేలా ఆమోదం పొందిన ఇనుప పంజరాలు దొరుకుతాయి, వాటినే వాడాలి. సొంతంగా ఏదో చుట్టడం, రంగు వేయడం పనికిరావు.

గరాజ్‌లో పెట్టుకునేవాళ్లకి ఇంకో తలనొప్పి, తలుపు పట్టాలు. మధ్యలో వేలాడే మోటారుకి బదులు పక్కగోడకి బిగించే మోటారు పెట్టించి, పట్టాల్ని సీలింగ్ దగ్గరికి ఎత్తించుకోవచ్చు. ఆ పనికి తెలిసిన మనిషే రావాలి, తలుపు పైన ఉండే స్ప్రింగు బిగుతు చేతుల్ని విరిచేయగలదు. ఎలక్ట్రిక్ ప్యానెల్ ముందు మూడడుగుల ఖాళీ ఉండాలని ఇక్కడి విద్యుత్ నియమావళి చెబుతుంది, దాని మీద ఫోమ్ అంటించేయకండి. గ్యాస్ వాటర్ హీటర్‌కి గాలి అందాలి, దాని చుట్టూ గుడ్డలు కట్టకండి.

4. స్క్రీన్, దాని చట్రం

గోడల పని మొదలుపెట్టేముందు స్క్రీన్ సరిగ్గా బిగించుకోండి. ఎక్కువ బంతులు తినేది అదే. మొదట్లో బొమ్మ ముడతలు లేకుండా కనిపించాలని నేను స్క్రీన్‌ని తబలా చర్మంలా లాగి కట్టాను. ఏడో నంబరు ఐరన్‌తో (లోహపు తల ఉన్న, మధ్యరకం దూరం కొట్టే క్లబ్) కొట్టిన బంతి తిరిగి నా మోకాలికే వచ్చింది. స్క్రీన్‌ని చట్రానికి కట్టే బంజీ తాళ్లు (సాగే తాళ్లు) కొంచెం వదులుగా ఉండాలి, కింది అంచు ఇంకా వదులుగా ఉండాలి. చేత్తో గట్టిగా బంతి విసిరి చూడండి. స్క్రీన్ లోపలికి వెళ్లి, బంతి కిందపడి నెమ్మదిగా నాలుగైదు అడుగులు దొర్లితే బిగుతు సరిగ్గా ఉన్నట్టు.

స్క్రీన్ వెనక గోడకి కనీసం అడుగు దూరం ఉండాలి. ఆ గోడకి కూడా ఒక మందపాటి దుప్పటి, సామాన్లు తరలించేవాళ్లు వాడే రకం, వేలాడదీయండి. స్క్రీన్ పాతబడి ఎప్పుడైనా చిరిగితే అది కాపాడుతుంది.

అసలు ప్రమాదం చట్రం పైపులది. ఇనుప పైపు అంచుకి తగిలిన బంతి వచ్చిన వేగంలో చాలా భాగంతోనే వెనక్కి రాగలదు. 150 మైళ్ల వేగంతో పదిన్నర అడుగులు దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. తప్పుకోవడమన్న మాటే లేదు. కాబట్టి ప్రతి పైపుకీ, మూలల్లో కూడా, మందపాటి ఫోమ్ గొట్టాలు తొడగండి. స్క్రీన్ అంచుకీ పైపుకీ మధ్య బంజీలున్నచోట సందు ఉంటుంది, ఆ సందుల్లోంచి బంతి దూరిపోతుంది. ముందువైపు నల్లటి గుడ్డ పట్టీ అడ్డంగా వేలాడదీసి, దాని వెనక ఫోమ్ ముక్కలు పెట్టండి.

5. పక్క గోడలు

మూడు రకాలుగా చేయవచ్చు, నేను మూడూ చేసి చూశాను.

వల అన్నిటికన్నా చవక, పని కూడా బాగా చేస్తుంది. గోల్ఫ్ కోసం అల్లిన వలే కొనాలి, తోటలో పిట్టలకి కట్టే వల రెండో దెబ్బకే తెగుతుంది. గోడకి అరడుగు నుంచి అడుగు దూరంలో, గది పొడవునా ఒక ఉక్కు తీగ లాగి దానికి వల వేలాడదీయాలి. కొక్కేలు డ్రైవాల్‌లోకి కాదు, స్టడ్‌లోకి దిగాలి. స్టడ్ ఫైండర్‌తో వెతకండి, సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటుంది. వల కింది అంచు నేల మీద అరడుగు పరుచుకోవాలి, బిగించి కట్టకూడదు. బంతి తగిలినప్పుడు వల పొట్టలా వెనక్కి వెళ్తుంది, ఆ పొట్ట గోడని తాకకూడదు. మూల దగ్గర వల స్క్రీన్ చట్రాన్ని దాటి వెనక్కి వెళ్లేలా చూడండి, లేదంటే సరిగ్గా ఆ సందులోకే షాంక్ వెళ్తుంది.

రెండోది ఫోమ్ పలకలు. గది వెడల్పు తక్కువై వలకి చోటు లేకపోతే ఇవే దారి. రెండంగుళాల మందమైనా ఉండాలి. గుడ్డు అట్టల ఆకారంలో ఉండే పలచటి ఫోమ్ చప్పుడు తగ్గించడానికి పనికొస్తుంది గానీ బంతి దాన్ని నొక్కేసి గోడదాకా వెళ్తుంది. నేను ముందు కొన్నది అదే. చవకగా వచ్చిందని సంతోషించాను, రెండు వారాల్లో దాని వెనక డ్రైవాల్‌లో మూడు సొట్టలు.

మూడోది షాంక్ పడే ఆ నాలుగైదడుగుల భాగానికి మాత్రమే: డ్రైవాల్ మీద అర అంగుళం ప్లైవుడ్, దానిపై రెండంగుళాల ఫోమ్, పైన పొట్టి పోగుల కార్పెట్. ప్లైవుడ్ దెబ్బని పక్కలకి పంచుతుంది, ఫోమ్ వేగాన్ని తగ్గిస్తుంది, కార్పెట్ ఫోమ్ చిరగకుండా చూస్తుంది. రెండున్నర అంగుళాల స్క్రూలైతే ప్లైవుడ్, డ్రైవాల్ దాటి ఒకటిన్నర అంగుళం స్టడ్‌లోకి దిగుతాయి. స్క్రూ తలలు చెక్కలోకి మునగాలి. ఒట్టి ప్లైవుడ్ బిగించి వదిలేయడం మాత్రం తప్పు. గోడ భద్రంగా ఉంటుంది, బంతి మాత్రం మీదికొస్తుంది.

ఫోమ్‌ని జిగురుతో నేరుగా గోడకి అంటించకండి. తర్వాత తీసేటప్పుడు డ్రైవాల్ కాగితం పొరలు పొరలుగా ఊడొస్తుంది, దాన్ని సరిచేయడం చిల్లు పూడ్చడంకన్నా పెద్ద పని. పలచటి చెక్క పలకకి ఫోమ్ అంటించి, ఆ పలకని స్టడ్‌లకి నాలుగు స్క్రూలతో తగిలించండి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి ఇదే మేలు, వెళ్లేటప్పుడు నాలుగు చిన్న కన్నాలు పూడ్చుకుంటే సరిపోతుంది.

కిటికీ ఉంటే పైన చెప్పిన చెక్క, ఫోమ్ పలకనే ఆడేటప్పుడు పెట్టి తర్వాత తీసేలా చేసుకోండి. పడకగదిగానో బేస్‌మెంట్‌గానో ఉన్న గదిలో అగ్నిప్రమాదమప్పుడు బయటపడే దారి ఆ కిటికీయే, దాన్ని శాశ్వతంగా మూసేయకూడదు.

6. సీలింగ్

సీలింగ్‌ని రెండు ముక్కలుగా చూడాలి. ఆటగాడి నెత్తిమీద ఉన్న భాగానికి బంతి భయం లేదు, క్లబ్ భయమే. అక్కడ ఎత్తు తగ్గించే ఏ పనీ చేయకూడదు. పలచటి కార్పెట్ టైల్స్ గానీ అంగుళం లోపు ఫోమ్ గానీ చాలు. ఎప్పుడైనా క్లబ్ రాసుకుంటే పెయింట్ పోదు, క్లబ్‌కీ గీత పడదు.

టీకి నాలుగడుగుల ముందు నుంచి స్క్రీన్ దాకా అసలు కాపు. మా ఇంట్లో ఇది వలతోనే చేశాను. వల ఒక అంచుని నాలుగడుగుల దగ్గర సీలింగ్‌కి ఆనించి, రెండో అంచుని స్క్రీన్ చట్రం పై పైపుకి కట్టాను. చట్రం ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు, కాబట్టి వల ముందుకి కొద్దిగా వాలుగా ఉంటుంది. మధ్యలో నాలుగైదు అంగుళాలు వదులు. బిగుతుగా కడితే బంతి వలని నెట్టుకుంటూ వెళ్లి డ్రైవాల్‌ని కొట్టి, ఎగిరి కిందికొస్తుంది. వదులుగా ఉంటే దాని జోరు అక్కడే తగ్గిపోయి స్క్రీన్ ముందు పడుతుంది. వల అంచుల్ని పట్టే చెక్క పట్టీలు పైనున్న జాయిస్ట్‌లకే, అంటే సీలింగ్‌ని మోసే అడ్డ దూలాలకే, బిగించాలి. జాయిస్ట్‌లు 16 అంగుళాలకొకటి ఉండొచ్చు, మా ఇంట్లోలాగా 24కి ఒకటి ఉండొచ్చు. అటక అందుబాటులో ఉంటే పైనుంచి రెండు జాయిస్ట్‌ల మధ్య అడ్డచెక్క వేసుకోవచ్చు, కావలసినచోట స్క్రూకి పట్టు దొరుకుతుంది.

వల కట్టేముందు ప్రొజెక్టర్ వేసి చూడండి. దాని వెలుతురు వలమీదుగా వెళ్తే స్క్రీన్ మీద గళ్లు గళ్లుగా నీడ పడుతుంది. ఆ చిక్కు వచ్చినచోట వల మానేసి రెండంగుళాల ఫోమ్ పలకలు సీలింగ్‌కి బిగించుకోవాలి, స్క్రూలకి పెద్ద వాషర్లు వేసి. రెండిట్లోనూ నలుపు రంగే తీసుకోండి. తెల్లటి సీలింగ్ స్క్రీన్ వెలుగుని తిప్పి పంపి బొమ్మని పాలిపోయేలా చేస్తుంది.

సీలింగ్‌కి ప్లైవుడ్ బిగించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నాకు ఇష్టం లేదు. నాలుగు బై ఎనిమిది అడుగుల షీటు ఒక్కోటీ 40 పౌండ్లకి పైనే బరువు. దాన్ని నెత్తిమీద పట్టుకుని బిగించడం కష్టం, అటక ట్రస్‌ల (పైకప్పుని మోసే చెక్క చట్రాల) మీద అదనపు బరువు, అంతా చేశాక బంతి చెక్క నుంచి కిందికి, నేరుగా మనుషుల వైపు వస్తుంది.

7. ఫోమ్ కొనేముందు నిప్పు గురించి అడగండి

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2003 ఫిబ్రవరిలో రోడ్ ఐలండ్‌లోని స్టేషన్ నైట్‌క్లబ్‌లో బాణాసంచా నిప్పురవ్వలు గోడలకి అంటించిన పాలీయురేథేన్ ఫోమ్‌కి అంటుకున్నాయి. నిమిషాల్లో హాలంతా మంటలు, ఊపిరాడని పొగ. 100 మంది చనిపోయారు. మామూలు పరుపుల ఫోమ్, కొన్ని రకాల ప్యాకింగ్ ఫోమ్ అదే జాతివి. మన గదిలో వేడెక్కే ప్రొజెక్టర్ ఉంటుంది, కంప్యూటర్, వైర్లు ఉంటాయి. గోడా సీలింగ్ కలిపి అంత ఫోమ్ పెట్టినప్పుడు అది మంట త్వరగా పాకని రకమై తీరాలి. మంట ఎంత వేగంగా పాకుతుందో చూసే ఏఎస్‌టీఎం ఈ84 పరీక్షలో అన్నిటికన్నా మంచి శ్రేణి, క్లాస్ ఏ, వచ్చిందా అని అడగండి. ఎన్‌ఎఫ్‌పీఏ 286 అనే గది మూల పరీక్ష కూడా దాటిందంటే ఇంకా మంచిది. నోటి మాట కాదు, పరీక్ష కాగితం చూపించమనండి. ఒక అమ్మకందారు నాకు "అన్నీ సేఫ్ సార్" అన్నాడు గానీ కాగితం అడిగితే పంపలేదు. నేను కొనలేదు.

పైగా వలల మీద నా మొగ్గుకి ఇదీ ఒక కారణం. గదిలో కాలే సరుకు తక్కువ పడుతుంది.

8. ప్రొజెక్టర్, లాంచ్ మానిటర్

ప్రొజెక్టర్‌ని ప్రమాదపు గీతకి వెనకే, అంటే టీకి పైన గానీ కాస్త పక్కగా గానీ బిగించండి. క్లబ్ తిరిగే దారిలో ఉండకూడదు. నేల మీద, మ్యాట్ ముందు పెట్టే రకమైతే దానికి వాలుగా ఉండే గట్టి పెట్టె, ముందువైపు ఫోమ్ తప్పవు. బంతి వేగాన్నీ కోణాన్నీ కొలిచే యంత్రం, అంటే లాంచ్ మానిటర్, సీలింగ్‌కి బిగించే రకమైతే దాని కెమెరాల చూపుకి ఫోమ్ అంచు గానీ వల గానీ అడ్డు రాకుండా చోటు వదలాలి. పలకలు కోసేముందు తయారీదారు ఇచ్చిన కొలతలు చూసుకోండి.

9. మొదటి ఆట

అంతా బిగించాక వెంటనే డ్రైవర్ అందుకోకండి. ముందు చేత్తో బంతులు విసరండి: సీలింగ్ వలలోకి, మూలల్లోకి, చట్రం అంచులకి. ఎక్కడ వెనక్కి వస్తోందో, ఎక్కడ గోడ చప్పుడు వినబడుతోందో గమనించండి. తర్వాత వెడ్జ్‌తో సగం స్వింగ్‌లు, ఆపైన ఐరన్లు, చివర డ్రైవర్.

మా ఇంట్లో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఆడేవాళ్ల ముందు గానీ పక్కన గానీ ఎవరూ ఉండకూడదు, అందరూ టీకి ఆరడుగుల వెనక. పిల్లల కుర్చీ వెనక గోడని ఆనుకుని. కొత్తగా వచ్చినవాళ్లకి మొదట ఏడో నంబరు ఐరనే, డ్రైవర్ అడిగినా ఇవ్వం. క్రికెట్ చేతి అలవాటు ఉన్నవాళ్లు బంతిని కిందనుంచి లేపాలని చూస్తారు, పది బంతులయ్యాక గానీ అది తగ్గదు. గరుకు తేలిన బంతులు, ఇసుక అంటిన బంతులు స్క్రీన్‌ని గీసేస్తాయి, వాటిని గదిలోకి తేము. కింద వంటింట్లో చప్పుడు వినబడుతోందని అమ్మ అన్నాక మ్యాట్ కింద మందపాటి రబ్బరు పరిచాను. రాత్రి తొమ్మిది దాటితే ఆట బంద్.

నెలకోసారి నిచ్చెనెక్కి జిప్ టైలు, కొక్కేలు, వల ముడులు చేత్తో లాగి చూస్తాను. ఒకే చోట పదేపదే తగిలి ఫోమ్ అణగిపోతే ఆ పలకని తీసి, దెబ్బ తినని పలకతో చోటు మారుస్తాను.

హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో అయితే

అక్కడ విల్లా కట్టుకుంటున్న బంధువులు ఈమధ్య ఇదే అడుగుతున్నారు. ఇటుక గోడ, కాంక్రీటు శ్లాబు కాబట్టి చిల్లు భయం లేదు. కానీ అలాంటి గోడ బంతి జోరుని ఏమాత్రం తాగదు. అక్కడ వల, ఫోమ్ కావలసింది గోడ కోసం కాదు, మనుషుల కోసం. పైన జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయిస్తే మళ్లీ మా ఇంటి కథే. ఆ గదికి ఫాల్స్ సీలింగ్ వద్దనే చెబుతాను, ఎత్తూ కలిసొస్తుంది. కొక్కేలకి యాంకర్ బోల్టులు వేయించండి. వానాకాలం చెమ్మ పట్టే గోడైతే ఫోమ్ పలకలకీ గోడకీ మధ్య చెక్క పట్టీలతో అంగుళం ఖాళీ వదలండి, లేదంటే వెనక బూజు పడుతుంది.

ఇప్పటికే చిల్లు పడి ఉంటే

ముందు టార్చి వేసి, ఫోన్ కెమెరా లోపలికి పెట్టి వైర్లు, నీళ్ల పైపులు ఉన్నాయేమో చూడండి. వైరు తొక్క ఊడి ఉంటే బ్రేకర్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, పూడ్చే పని తర్వాత. అంతా బాగుంటే చిల్లు చుట్టూ చదరంగా కోయండి, చిరిగిన కాగితం మిగలకుండా. కొత్త డ్రైవాల్ ముక్కని ఆ చదరం కన్నా నాలుగు వైపులా రెండేసి అంగుళాలు పెద్దగా కోసి, అంచుల్లో జిప్సం విరిచి తీసేసి ముందువైపు కాగితం మాత్రం ఉంచండి. చదరం లోపల ముక్క సరిగ్గా కూర్చుంటుంది, చుట్టూ కాగితం అంచు జాయింట్ కాంపౌండ్‌తో (డ్రైవాల్ అతుకులకి పూసే ముద్దతో) అతుక్కుంటుంది. పలచగా మూడు పూతలు, ఒక్కోటీ పూర్తిగా ఆరాక తర్వాతిది, చివర సన్నటి ఇసుక కాగితం. అటకలో చెదిరిన ఇన్సులేషన్‌ని మళ్లీ సర్దండి, లేదంటే వేసవిలో ఆ చోటే గదిలోకి వేడి దిగుతుంది. పెయింట్ ఆరిన తర్వాత, ఇంకో బంతి కొట్టకముందే, అదే రోజు ఆ చోటుకి కాపు బిగించేయండి.